పై వాటా

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
అద్దెకిచ్చి చూడమని
ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు.

బఫెలో ఊళ్ళో, రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల
నూట పదేళ్ళ చెక్క ఇల్లు.
కింది వాటాలో నేను, పై వాటా అద్దెకి.
ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపి కూడబెట్టినదంతా
ఒక్క సంతకంతో ఆ గోడల్లోకి ఇంకిపోయింది.
"ఇక కూర్చుని తినొచ్చు డొలోరెస్" అంది మా అక్క.
కూర్చోవడం సంగతి దేవుడెరుగు,
మొదటి చలికాలమే బాయిలర్ ముందు
మోకాళ్ళ మీద ఉన్నాను.

కాగితం మీద లెక్క ఎంత ముచ్చటగా ఉండేదో!
అద్దె ఇటు, బ్యాంకు వాయిదా అటు,
నెలకి నూట ఎనభై డాలర్ల మిగులు.
ఆ కాగితానికి మంచు తెలియదు.
బీమావాడు ఏటేటా పంపే ఉత్తరం తెలియదు.
మెట్ల మీద ఎవరూ జారకుండా చల్లే ఉప్పు కూడా
కొంటే తప్ప రాదని
దానికి తెలియదు.

మొదట వచ్చినవాడికి
నవ్వు చూసి తాళం చేతిలో పెట్టాను.
పాత ఇంటివాళ్ళకి ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది.
మూడో నెలలో
స్టవ్వుతో సహా వెళ్ళిపోయాడు.
తరవాత పది వారాలు ఖాళీ.
ఖాళీ వాటా అద్దె కట్టదు గానీ
గ్యాసు మాత్రం శుభ్రంగా తాగుతుంది.

అప్పుడొచ్చాడు లయోనెల్,
గోడౌన్లో రాత్రి డ్యూటీ,
వెంట ఇంతేసి చేపల తొట్టి.
ఆ నీళ్ళ బరువు నా మంచం మీద కూలుతుందని
వారం రోజులు నిద్ర లేదు.
కానీ ఒకటో తారీఖున
తలుపు కింద నుంచి కవరు జారేది,
పద్నాలుగు నెలలు, తప్పకుండా.

గోడౌను మూతపడింది.
"వచ్చే శుక్రవారం" అన్నాడు.
ఆ శుక్రవారం వచ్చింది, వెళ్ళింది,
ఇంకో శుక్రవారాన్ని చూపించి.
మధ్యలో ఫోనుకి మెసేజీ:
వంటింట్లో కొళాయి కారుతోంది.
మళ్ళీ: ఇంకా కారుతోంది.
ప్లంబరు ఇంట్లో అడుగుపెడితేనే నూట నలభై.
"వచ్చే శుక్రవారం" అన్నాను నేనూ.

నోటీసు నేనే అంటించాను,
నా ఇంట్లో నా మెట్లెక్కి, దొంగలా.
చలికి టేపు అతుక్కోలేదు.
రెండుసార్లు ఊడిపడితే రెండుసార్లూ
చేతి గ్లోవు తీసి
వేళ్ళ వేడితో అదిమిపట్టాను.

వాయిదా రోజు తెల్లవారకుండానే మంచు.
కోర్టుకి బయల్దేరితే
మూలమలుపు బస్టాపులో తను.
ఆ రూటు బస్సులు రద్దయ్యాయని
నాకు తెలియకుండా ఉంటుందా?
కారు ఆపాను.
దారంతా ఇద్దరం వైపర్లనే చూశాం.
దిగేముందు అన్నాడు:
"కుడి వెనక టైరులో గాలి తక్కువుంది."

జడ్జి నాలుగు నిమిషాల్లో తేల్చేశాడు.
నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.
రెండు నెలల బాకీ, ఒక నెల అడ్వాన్సు,
మిగతాది వసూలు చేసుకోవడం నా ప్రాప్తం.
తిరిగి వచ్చేటప్పుడు కూడా
నా కార్లోనే వచ్చాడు.
ఇంకెలా వస్తాడు?

వెళ్ళిపోయాక కాగితం, పెన్సిలు పట్టుకుని
పై వాటాకి ఎక్కాను, పాడైనవి రాయడానికి.
కార్పెట్ మీద తొట్టి పెట్టిన చోట
నాలుగు పలకల గుంట. రాసుకున్నాను.
కిటికీ తెర ఒకటి చిరిగింది. రాసుకున్నాను.
వంటింట్లో ఏదో తక్కువైనట్టుంది,
ఏమిటో చాలాసేపు తోచలేదు.
చప్పుడు లేదు.
సింకు గట్టు మీద అరిగిపోయిన పాత వాషరు,
దాని కింద దుకాణం రసీదు:
మూడు డాలర్ల నలభై సెంట్లు.

బాకీలోంచి దాన్ని తీసేయాలా,
తీసేస్తే ఏ గళ్ళో రాయాలా అని
చేపల తొట్టి గుంట పక్కనే కూలబడ్డాను.

బోర్డు పెట్టిన నాలుగోరోజు
నర్సు చదువుతున్న అమ్మాయొకతె వచ్చింది.
ఈసారి పాత ఇంటివాళ్ళ నంబరు అడిగాను,
జీతం కాగితాలు అడిగాను.
ఆమె కొళాయి తిప్పి, కట్టేసి, చెవి పెట్టింది.
"కారదు కదా?"
"కారదు" అన్నాను.
ఎవరు బాగుచేశారని ఆమె అడగలేదు.
నేనూ చెప్పలేదు.